గుడ్డ మీద లేని దారం

చల్లగా పడింది చుక్క, పడీపడగానే సబ్బునీళ్ళు పోయినంత మంట. రెప్ప వెయ్యకండమ్మా అంటుంది నర్సు, రెప్ప నా మాట వింటే కదా. రెండో కంట్లోనూ వేసి, చెంప మీదికి జారినదాన్ని దూదితో అద్ది, ఇక కళ్ళు మూసుకుని ఈ బల్ల మీదే కూర్చోండి, కంటిపాప బాగా విచ్చుకున్నాక లోపలికి పిలుస్తాం, డాక్టరమ్మ కంటి వెనక పొర దాకా చూస్తారు అని చెప్పి టకటకా వెళ్ళిపోయింది. కంటి వెనక పొర దాకా. అంటే నా ఇంటి తలుపు నేనే బార్లా తీసిపెట్టి, వచ్చేవాళ్ళు దీపం పట్టుకుని మూలమూలా వెతికేదాకా దొంగలా బయట కూర్చోవాలన్నమాట. దాచిందంతా ఇంకాసేపట్లో బయటపడుతుంది. పడనీ. వద్దు, పడకూడదు. అక్షరాల బోర్డు దగ్గర గట్టెక్కాను కదా, ఇక్కడా గట్టెక్కుతానేమో. కళ్ళు మూస్తే చీకటి ఉండాలి, చీకటి లేదు, రెప్పల వెనక అంతా ఎర్రగా ఉంది, ఆ ఎరుపులో కుడివైపు, అదుగో, ఉంది. నల్లదారం. కన్ను ఎటు తిప్పితే అటు, ఒక్క క్షణం ఆలస్యంగా, బకెట్టు నీళ్ళలో పడిన పోగులా తేలుతూ వస్తుంది. మూసినా పోదు.

పక్కన మా ఆడపడుచు. ఇంట్లో అందరం దాన్ని పిచ్చుక అంటాం, నోరు మూతపడదు కనక. నాకు తోడుగా వచ్చింది, తోడు అంటే నా బుర్ర తినడం.

“వదినా, మండుతోందా?”

“మండదూ మరి? పన్నీరేమైనా చల్లిందా?”

“మా అన్నయ్య ముందు ఒక్క చుక్క రాల్చనిదానివి, ఇక్కడ ధారలు కారుస్తున్నావు. ఆ మందు పేరేదో కనుక్కుంటా. నిన్ను ఏడిపించే మందు దొరికిందంటే మా అన్నయ్య సీసాలు సీసాలు తెస్తాడు.”

నవ్వాను. నవ్వితే కళ్ళు ఇంకా మండాయి. ఫట్మని చప్పుడు, పిచ్చుక రెండు చేతులూ కొట్టింది. ఆసుపత్రిలోనూ దోమలేనా, వీళ్ళ శుభ్రం తగలెయ్య, అంటోంది. నర్సు ఇందాక దాన్ని కూడా అడిగింది, మీకూ షుగరుందా, ఎలాగూ వచ్చారు, మీరూ చూపించుకుంటారా అని. నేను తోడొచ్చానమ్మా, నా కళ్ళకేం, ఆకాశంలో గద్ద ఎగిరితే దాని గోళ్ళు లెక్కపెడతా అంది పిచ్చుక. షుగరు నాకన్నా ముందు వచ్చింది దానికే, వాళ్ళమ్మ ఇచ్చిన ఆస్తి. అయినా టీలో పంచదార వేసి చెంచా తిప్పుతూనే ఉంటుంది, ఆ చెంచా చప్పుడు ఆగితే దానికి తోచదు. నేను అలా కాదు, నేను మాత్రలు వేసుకుంటాను, గుర్తున్నప్పుడు. నడుస్తాను, వీలైనప్పుడు. అబద్ధం. ఎవరికి చెబుతున్నాను ఇది? మూసిన కళ్ళకా?

బోర్డు దగ్గర నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. వరసలో నా ముందు ఎంతమంది ఉన్నారో, ఒక్కొక్కరే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాల దాకా పైకి చదువుతున్నారు, కుడికన్ను మూసి ఒకసారి, ఎడమకన్ను మూసి ఒకసారి. మొదట ఊరికే విన్నాను. తర్వాత నా పెదాలు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. చిన్నప్పుడు బడిలో ఎక్కాలు ఎలా నోటికొచ్చాయో అలాగే, కింది వరస కూడా, దాని కింద వరస కూడా. నా వంతు వచ్చింది. కుడికన్ను మూసి ఎడమకంటితో చదివాను, అది నిజంగానే చదివాను, చివర్లో కాస్త తడుముకున్నాను. ఎడమకన్ను మూశాను. బోర్డు లేదు. బోర్డున్న చోట తెల్లటి మసక, దాని మీద ఒలికిన టీ లాంటి మరక, మరక మీద నా దారం. నోరు మాత్రం ఆగలేదు, గడగడా చదివేసింది, చివరి వరస దాకా, తడుముకోకుండా. బాగా చదివారమ్మా, ఎడమకంటికన్నా కుడికన్నే నయం అన్నాడు బోర్డు అతను. నేను సంతోషపడ్డాను! మార్కులొచ్చిన పిల్లలా సంతోషపడ్డాను. ఎవరిని మోసం చేశాను? కన్ను ఎవరిది? అతను ఇంటికెళ్ళి హాయిగా అన్నం తింటాడు, నా కన్ను నా మొహానే ఉంటుంది. కానీ కనబడట్లేదని ఒక్కసారి పైకి అంటే, అన్న క్షణం నుంచి అది నిజమైపోతుంది. అననంతసేపూ అది మసక, అలసట, కళ్ళజోడు మారిస్తే పోయేది. మా ఆయన అదే అన్నాడు, కళ్ళజోడు మార్చుకోవే, ఊరికే నలుపుకుంటావేం అని. బస్సు నడిపే మనిషి, అద్దం తుడుచుకుంటే దారి కనబడుతుందని ఆయన నమ్మకం.

ఎప్పుడు మొదలైంది? తెల్లకోట్ల పని వచ్చినప్పుడు. మా కుట్టుగదిలో మిషన్ల మీద కుట్టేవాళ్ళు అటు గోడ పక్క, కిటికీ కింద నేను. నాది చేతిపని, కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం, అన్నీ అయ్యాక వెలుగుకి పట్టి మిగిలిపోయిన దారాలు కత్తిరించడం. కాజా నా చేతిలోంచి వెళ్ళిందంటే మాస్టరు తిప్పి చూడడు. ఆ కోట్లు డాక్టర్లవి, మంచులా తెల్లగా ఉన్నాయి, ఒళ్ళో పోసుకుంటే ఎండంతా నా ఒళ్ళోకే వచ్చేది. ఒక కోటు జేబు మీద నల్లదారం కనిపించింది. తెల్లకోటుకి నల్లదారమేంటే, ఎవరు వాడారే అని అరిచాను. మిషన్ల మీదివాళ్ళు నవ్వారు, ఇక్కడ నల్లదారమే లేదు పిన్నీ, నీ జుట్టేమో చూసుకో, అదీ నలుపెక్కడుంది అని. గోటితో గీకాను, రాలేదు. సూదిమొనతో లేపాను, లేవలేదు, పక్కకి జరిగింది. దారం జరగడమేంటి, గాలికి జరిగిందనుకున్నాను. కోటు మార్చాను, ఆ కోటు మీదా ఉంది. అంటే గదంతా దుమ్ము, ఊడ్చేవాళ్ళకి బద్ధకం. చీపురు పట్టుకుని నేనే ఊడ్చాను. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ ఉంది. విసుగొచ్చి, దారం కత్తెర తీసి, మొన ఆనించి, చటుక్కున కత్తిరించాను. దారం తెగలేదు. కోటు తెగింది. జేబు కింద, కందిగింజంత కన్నం.

మాస్టరు ఆ కోటు తీసుకుని కిటికీకి పట్టాడు. కన్నంలోంచి వెలుగు సన్నగా వచ్చి ఆయన బుగ్గ మీద పడింది, అది నాకు ఇప్పటికీ కనబడుతోంది, రెప్పల వెనక ఎరుపులో కూడా. ఏంటమ్మా, ఎలుక కొరికిందా, అన్నాడు నవ్వుతూనే. తర్వాత నవ్వలేదు. నా మొహం చూశాడు. నువ్వు కత్తెర వేసిన చోట ఏముందమ్మా, అన్నాడు మెల్లగా. దారముంది మాస్టరు గారూ అన్నాను. ఆయన వేలితో తడిమి, సరే, రఫ్ఫు చేసెయ్ అన్నాడు. చేశాను. కోటు అంచులోంచే పోగులు లాగి, అడ్డం, నిలువు, అల్లుకుంటూ, కుడికన్ను మూసుకుని ఎడమకంటితో చేశాను. ఎవరూ పట్టలేరు. ఆ కోటు ఇప్పుడు ఎవరో ఒక డాక్టరు ఒంటి మీద తిరుగుతోంది. ఆ మర్నాటి నుంచి మాస్టరు నాకు ఒళ్ళో తెల్లబట్ట పెట్టలేదు, రంగుబట్టలే ఇచ్చాడు, ఏమీ అనకుండా. ఆ ఏమీ అనకపోవడమే నా ప్రాణం తీస్తోంది. అంటే ఆయనకి తెలుసు. రేపు రంగుబట్టలు కూడా తీసేస్తాడు. ఆ తర్వాత కిటికీ కింద నా పీట మీద ఇంకెవరో కూర్చుంటారు, నేను వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చెప్పుల చప్పుడు వింటాను.

మంట తగ్గింది. గొంతు ఎండిపోయింది. నీళ్ళు తాగాలంటే కళ్ళు తెరవాలి, కొంచెం తెరిచాను, తెరిచి వెంటనే మూశాను, వెలుగు కాదు అది, గాజుపెంకులు. మళ్ళీ తెరిచి నా అరచెయ్యి చూసుకున్నాను. గీతల్లేవు. వేళ్ళున్నాయి, వేళ్ళ మీద సూది పొడిచిన మచ్చలుండాలి, అవి లేవు, చెయ్యంతా పిండిముద్దలా ఉంది. ఇది మందు వల్ల, ఇది మందు వల్లే, సాయంత్రానికి పోతుందని నర్సు చెప్పింది కదా. పోకపోతే? ఇలాగే ఉండిపోతే? లోపలి తలుపు తెరుచుకుంది, ఎవరో ముసలాయన బయటికి వస్తున్నట్టుంది, కర్ర చప్పుడు, ఒక ఆడగొంతు, నాన్నా గడప, కాలెత్తు నాన్నా అంటోంది. కాలెత్తు నాన్నా. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

షుగరు డాక్టరు చెప్పాడు, నాకు అర్థమయ్యేలానే చెప్పాడు, అర్థం కాకుండా చెప్పినా బాగుండేది. రక్తంలో చక్కెర మరీ ఎక్కువైతే ఒళ్ళు దాన్ని కాల్చలేక కాలుస్తుందమ్మా, పొయ్యిలో రవ్వలు లేచినట్టు ఆక్సిజన్ రవ్వలు లేస్తాయి, వాటిని ఆర్పడానికి ఒంట్లోనే కాపలా ఉంటుంది, రవ్వలు ఎక్కువై ఆ కాపలా చాలకపోతే అవి రక్తనాళాల గోడల్ని తింటాయి, దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు, ఇనుముకి తుప్పు పట్టడం లాంటిదనుకోండి. కంటి వెనక నాళాలు వెంట్రుక కన్నా సన్నం, అవి తట్టుకోలేవు, కొన్ని కారతాయి, కొన్ని మూసుకుపోతాయి, అప్పుడు ఊపిరాడక కన్ను కొత్త నాళాలు మొలిపించుకుంటుంది, అవి నాసివి, చిట్లుతాయి. నొప్పి ఉండదు, అదే దీంతో చిక్కు, అన్నాడు. పిచ్చుక ఆ రోజూ నా పక్కనే ఉంది, ఇంటికొస్తూ, స్ట్రెస్సట వదినా, మా అమ్మకి నిన్ను తిట్టడమే తప్ప ఇంకేం స్ట్రెస్సు ఉండేది, అంది. నేను నవ్వాను కానీ నా బుర్ర తుప్పు దగ్గరే ఆగిపోయింది. తుప్పు నాకు తెలుసు. చెమటచేత్తో గుచ్చి మర్చిపోయిన సూది, పొద్దున్న తీద్దామంటే గుడ్డ వదలదు, లాగితే వస్తుంది, వచ్చిన చోట గోధుమరంగు చుక్క. ఆ చుక్క ఏ సబ్బుకీ పోదు. గుడ్డ పైకి ఏమీ తెలియదు, మడత విప్పితే గానీ. ఆ తుప్పుకి మాత్ర లేదా డాక్టరుగారూ అని అడిగాను. బజార్లో డబ్బాలు చాలా అమ్ముతారమ్మా, వాటిని నమ్ముకోకండి, చక్కెర అదుపులో పెట్టుకోండి, రక్తపోటు చూసుకోండి, ఏమీ లేదనిపించినా ఏటా కంటి వెనక పొర చూపించుకోండి అన్నాడు. ఏమీ లేదనిపించినా. ఏమీ లేదనిపించింది, అందుకే చూపించుకోలేదు. ఉందనిపించింది, అందుకే ఇంకా చూపించుకోలేదు. మొన్న ఆయనే గద్దించి చీటీ రాసిస్తే ఇవాళ వచ్చాను.

ఫట్. పిచ్చుక మళ్ళీ చేతులు కొట్టింది. దొరకదే ఇది, అంటోంది. నాకు గుయ్యిమన్న చప్పుడే వినబడలేదు, ఫ్యాను చప్పుడులో కలిసిపోయిందేమో.

అత్త. అత్త ఎందుకు వస్తోంది ఇప్పుడు, రాకూడదు, కానీ ఈ ఎరుపులో ఇంకెవరు వస్తారు. పళ్ళెం ముందు కూర్చున్న అత్త, ముద్ద కలిపి, ఆగి, రెండువేళ్ళతో పళ్ళెంలోంచి ఏదో ఏరుతున్న అత్త. మళ్ళీ వెంట్రుక, అనేది. ఏదీ అత్తా, అంటే, ఇదుగో, కళ్ళు దొబ్బాయా నీకు, గుడ్డ కుట్టే దానివి ఈ మాత్రం కనబడదా అని. నేను తలకి గుడ్డ చుట్టుకుని వండాను. అయినా వెంట్రుక. పళ్ళెం మార్చాను, వెంట్రుక. అన్నం వడ్డించడం పిచ్చుకకి అప్పజెప్పాను, అప్పుడు కూడా, నీ వదిన జుట్టే ఇది, వంటింట్లో దువ్వుకుంటుంది, అని. ఆ వెంట్రుక మీద మా ఇంట్లో జరగని రభస లేదు. నన్ను పుట్టింటికి పంపేదాకా పోయింది, మా ఆయన నోరు తెరవలేక అటూ ఇటూ నలిగాడు. అన్నీ సాధింపులే, కోడల్ని సాధించడానికి లేని వెంట్రుక పుట్టిస్తోంది అని నేను ఊరంతా చెప్పుకున్నాను. తర్వాత ఒక పొద్దున్న అత్త మంచం మీద లేచి కూర్చుని, కిటికీ తెరవండే, ఇంకా తెరవలేదేం అంది. కిటికీ తెరిచే ఉంది. ఎండ ఆమె మొహం మీదే ఉంది.

వెంట్రుక.

బల్ల అంచు పట్టుకున్నాను. అత్తకి నిజంగానే కనబడింది. పళ్ళెంలో లేదు, అంతే. నాకు గుడ్డ మీద లేనట్టే. ఆమెది వెంట్రుక, నాది దారం, వండినదాన్ని తిట్టింది ఆమె, ఊడ్చినవాళ్ళని తిట్టాను నేను. ఎన్ని నెలలు ఏరుకుంది అలా ఒక్కతే, ఎవరూ నమ్మకపోతే ఎంత బెదిరిపోయి ఉంటుంది, ఆ బెదురంతా తిట్లయి నా మీద పడిందేమో. అయితే నేను కూడా అదే దారిన, అదే మంచం మీదికి, కిటికీ తెరవండే అంటూ. అమ్మో. పిచ్చుకకి చెప్పాలి. చెబితే ఏడుస్తుంది. చెప్పకూడదు. లోపలికి పిలిస్తే ఏమీ లేదని చెప్పి వచ్చేద్దాం, బోర్డు బాగా చదివానని కాగితం మీద రాశారు కదా, వీళ్ళు తొందరతొందరగా చూసి పంపించేస్తారు, ఇంటికెళ్ళి నడుస్తాను, టీ మానేస్తాను, రేపటి నుంచి ఒక్క పూట కూడా మాత్ర తప్పను, దారం దానంతటదే పోతుంది, పోతుంది కదూ.

“పిలుస్తున్నారు వదినా, లే. నా భుజం పట్టుకో. అటు కాదు, గోడని పెళ్ళాడతావా ఏంటి!”

లోపల గది చీకటిగా ఉంది, ఒక్క మూల చిన్న దీపం. చీకటి హాయిగా అనిపించింది, అనిపించినందుకు భయమేసింది. తెల్లగా ఒక ఆకారం లేచి నా దగ్గరికి వచ్చింది, డాక్టరమ్మ, గొంతు మెత్తగా ఉంది. కూర్చోండమ్మా, భయపడకండి, బోర్డు బాగానే చదివారట కదా, చూపులో ఏమైనా తేడా ఉందా, ముందు అది చెప్పండి, అంటూ దీపం నా వైపు తిప్పింది. వెలుగు ఆమె కోటు మీద పడింది. మంచులా తెల్లటి కోటు. జేబు మీద నల్లదారం.

“ఏం లేదమ్మా,” అంది నా నోరు. “అంతా బాగానే ఉంది.”

నా చెయ్యి లేచింది. నేను లేపలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, ఎన్ని వేల దారాలు ఏరాయో ఆ రెండు వేళ్ళు, నేరుగా వెళ్ళి ఆమె జేబు మీద గిల్లాయి. గుడ్డ తగిలింది. దారం తగల్లేదు. పక్కకి జరిగింది, మళ్ళీ గిల్లాయి.

“వదినా, ఏం చేస్తున్నావ్! డాక్టరమ్మ మీద చేతులేంటి? అక్కడేం లేదు...” పిచ్చుక నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక దాని మాట మధ్యలో ఆగడం నేను వినలేదు. “అమ్మ,” అంది, గాలి గొంతుతో. “అమ్మ పళ్ళెంలో ఇలాగే.”

డాక్టరమ్మ వెనక్కి జరగలేదు. నా చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“ఏ కంట్లో?”

ఇంకేం దాచను. దాచడానికి ఏం మిగిలింది, చెయ్యి చెప్పేశాక. “కుడికంట్లో,” అన్నాను. “బోర్డు కూడా చూసి చదవలేదమ్మా. విని చదివాను.”

గడ్డం ఇక్కడ పెట్టండి అంది, పెట్టాను. నుదురు ఆనించండి, ఆనించాను. వెలుగు లోపలికి వచ్చింది, సూదిలా కాదు, గునపంలా. పైకి చూడండి. కిందికి. నా చెవి వైపు. ఆమె ఊపిరి వినబడుతోంది, అది కాసేపు ఆగింది, నాదీ ఆగింది. కుడికన్ను చాలాసేపు చూసింది. ఎడమది అంతకన్నా ఎక్కువసేపు చూసింది. కుడికంట్లో రక్తం కారిందమ్మా, అది ఎంతవరకు తేటపడుతుందో ఇవాళ మాటివ్వలేను, అంది. ఎడమకంట్లో మొదలైంది, ఇంకా చూపు దాకా రాలేదు, దాన్ని కాపాడుకోవాలి, లేజరు ఇవాళే మొదలుపెడదాం, మీరు ఇవాళ కూడా రాకుండా ఉండిపోయి ఉంటే, అని ఆగి, వచ్చారు కదా, చేద్దాం అంది. ఇంకేవో చెప్పింది, చక్కెర, రక్తపోటు, సంతకం. నాకు మొదలైంది అన్న ఒక్క మాటే చెవుల్లో కొట్టుకుంటోంది.

బయట బల్ల మీద కూర్చోబెట్టారు, యంత్రం సిద్ధమయ్యేదాకా. కళ్ళు మూసుకున్నాను. పక్కన పిచ్చుక కూర్చోలేదు. నర్సు దగ్గరికి వెళ్ళినట్టుంది, దాని గొంతు అటునుంచి వచ్చింది.

“నాక్కూడా వెయ్యమ్మా ఆ చుక్కలు.”

“మీరు గద్ద గోళ్ళు లెక్కపెడతానన్నారు కదండీ,” అని నవ్వింది నర్సు.

“గద్ద ఎగిరిపోయింది. వెయ్యి.”

బల్ల కిర్రుమంది, వచ్చి కూర్చుంది, తల వెనక్కి వాల్చినట్టుంది. రెప్ప వెయ్యకండమ్మా, అంది నర్సు. స్స్ అంది పిచ్చుక. టకటకా చెప్పులు వెళ్ళిపోయాయి. నా చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది, ఐసుగడ్డలా ఉంది. మంట ఎలా ఉందే అని అడుగుదామనుకున్నాను, పన్నీరు వేసిందా అని ఏడిపిద్దామనుకుని, ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను. ఇద్దరం కళ్ళు మూసుకుని కూర్చున్నాం.

“వదినా.”

“ఊఁ.”

“ఇందాకటి నుంచి నీకు... ఇక్కడ దోమలున్నాయా?”

చెవులు రిక్కించాను. ఫ్యాను తిరుగుతోంది. దూరంగా ఎవరో కర్ర పొడుచుకుంటూ మెట్లు దిగుతున్నారు. ఆ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

“దోమల్లేవే,” అన్నాను.